లంగరు ముద్ర

బల్ల మీద కూర్చున్న మనిషి మౌత్ ఆర్గాన్ తీసి నోట పెట్టుకున్నాడు.

కొట్టు మెట్టెక్కుతున్న రామనాథం మాస్టారు అక్కడే ఆగిపోయారు.

"ఏవండీ జగన్మోహనరావు గారూ! అమ్మే సరుకు దారిన పోయేవాళ్ళ చేత ఎంగిలి చేయిస్తారా?"

కొట్టు యజమాని తడబడ్డాడు. "ఎవరోనండి. సరదాకి చూస్తున్నాడు. మీరు రండి మాస్టారూ."

ఆ మనిషి వాయించడం ఆపాడు. యజమాని వంక ఒక్కసారి చూశాడు.

మాసిన నీలం కోటు. దానికి మిగిలింది ఒక్కటే గుండీ. ఇత్తడిది. మీద లంగరు బొమ్మ.

మాస్టారు వట్లూరు నుంచి ఏలూరు బజారుకు నడిచి వచ్చింది కూతురి కోసం.

"మా శ్యామలకి నిమోనియా వచ్చి తగ్గిందండీ. ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. నాలుగడుగులేస్తే రొప్పుతోంది. రోజూ ఏదైనా ఊదించమన్నారు డాక్టరు గారు. లేకపోతే పదేళ్ళ పిల్ల జన్మంతా మంచం పట్టుకునే ఉంటుందట. వేణువు ఇచ్చి చూశాను. దానికి పలకలేదు."

జగన్మోహనరావు మూడు పెట్టెలు తెరిచి పెట్టాడు.

"పెద్ద జర్మనీ రెండున్నరండి. చిన్న జర్మనీ రూపాయి పావలా. జపాన్‌ది అర్ధరూపాయి."

"పెద్దదే ఇవ్వండి. పిల్ల ఆరోగ్యం దగ్గర బేరమేమిటి?"

"అది వద్దండి," అన్నాడు ఆ మనిషి.

"నిన్నెవరయ్యా అడిగింది?"

"పెద్దదాని రీడ్లు, లోపలి ఇత్తడి రేకులు, బిరుసండి. దమ్మున్న మగాడికి గాని పలకవు. జపాన్‌ది ఇట్టే పలుకుద్ది గాని, నెల తిరక్కుండా శ్రుతి పోద్దండి. పాపకి ఈ చిన్న జర్మనీది సరిపోద్ది. నాలుగో కన్నం ఒక్కటే పట్టేస్తంది. లోపల రీడు కాస్త గీకితే..."

అంటూనే దాన్ని నోట పెట్టి నాలుగో కన్నం ఊది చూపించాడు. గురకలాంటి చప్పుడు వచ్చింది.

"నీ నోట్లో పెట్టింది నా కూతురి నోట్లో పెట్టాలా? లే అక్కణ్ణించి!"

ఆ మనిషి లేచాడు. చేతిలోది తుడిచి పెట్టెలో సర్దాడు. మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు.

"ఏది కొన్నా ముందు పీల్చడం నేర్పండి మాస్టారూ. ఊదడం తర్వాత. పీలిస్తేనే ఊపిరి లోపలికి దిగుద్ది."

మాస్టారు బల్లను రుమాలుతో దులిపి కూర్చున్నారు.

"సీలు విప్పని పెట్టె ఉంటే ఇవ్వండి. లేదంటే బెజవాడ వెళ్ళి కొనుక్కుంటాను."

జగన్మోహనరావు వీధిలోకి చూశాడు. నీలం కోటు ఇంకా మలుపు తిరగలేదు.

"శుక్రవారం రండి. సీలు పెట్టె ఇస్తాను. రెండు రూపాయలవుతుందండి."

"అవనీండి."

శుక్రవారం పెట్టె ఇంటికి వచ్చింది. చిన్న జర్మనీయే. మూత అంచున ఎర్ర లక్క. లక్క మీద గుండ్రంగా లంగరు ముద్ర.

"చూశావా, ఓడ మీద వచ్చిన సరుకు. కంపెనీ వాళ్ళ ముద్ర," అని మాస్టారు భార్యకు చూపించారు.

"ఎవరి చెయ్యీ పడలేదంటారా?" అంది వెంకటసుబ్బలక్ష్మి.

"చెయ్యి కాదు, ఈ దేశం గాలి కూడా తగల్లేదు."

సీలు ఆయనే విరిచారు.

శ్యామల ముందు పీల్చింది. మాస్టారే అలా చెప్పారు. ఆ మాట ఎక్కడ విన్నదీ తలుచుకోలేదు.

పిల్లకున్న కాస్త ఊపిరికే అది పలికింది. నాలుగో కన్నం అన్నిటికన్నా తియ్యగా పలికింది.

నెలకు సగం పాట వచ్చింది. రెండో నెలకు దగ్గకుండా పాటంతా. మూడో నెలలో జామచెట్టెక్కి కూర్చుని వాయించింది.

"దిగవే, పడతావ్!"

"పాటయ్యాక దిగుతానమ్మా!"

మాస్టారు నవ్వుకుంటూ పిల్లల నోటు పుస్తకాలు దిద్దుకున్నారు. ఆ ఇంట్లో అందరూ మళ్ళీ కడుపునిండా తింటున్నారు. కంటినిండా నిద్రపోతున్నారు.

బళ్ళో ఎవరు కనపడినా సీలు సరుకు గొప్ప చెప్పేవారు. విని విని భీమశంకరం మాస్టారు కూడా తన మేనకోడలికి ఒకటి కావాలన్నారు. ఇద్దరూ కలిసి ఏలూరు వెళ్ళారు.

"నాకిచ్చారే, అలాంటి సీలు పెట్టె ఒకటి వీరికీ ఇవ్వండి."

"లేవండి మాస్టారూ. ఇక రావు."

"ఏం, జర్మనీ వాళ్ళు చెయ్యడం మానేశారా?"

"సరుకు వస్తూనే ఉందండి. శ్రుతి చేసే మనిషే లేరు. దేవసహాయం గారని... ఆ చేతికి రాని హార్మోనియం ఈ చుట్టుపక్కల లేదండి. నాటకాలాడేవాళ్ళూ, చర్చీల వాళ్ళూ ఆయన గుమ్మంలో కాచుకునేవారు. మొన్ననే కాకినాడలో రంగూన్ స్టీమరెక్కారు."

"అంతటి మనిషిని నాకొక్కసారి చూపించలేదేమండీ? దణ్ణం పెట్టుకునేవాణ్ణి కదా!"

జగన్మోహనరావు సొరుగు లాగాడు. ఎర్ర లక్క ముక్కా, ఒక ఇత్తడి గుండీ తీసి బల్ల మీద పెట్టాడు.

"వెళ్తూ ఈ గుండీ నా చేతికిచ్చి, ఇక ముద్ర మీరే వేసుకోండి అన్నారండి. ముద్రయితే వెయ్యగలను గాని, రీడు గీకలేను కదండీ."

మాస్టారు గుండీ తిప్పి చూశారు. లంగరు.

"ఆయన్ని మీరు చూశారు మాస్టారూ," అన్నాడు జగన్మోహనరావు మెల్లగా. "ఈ బల్ల మీంచి మీరు లేపేసింది ఆయన్నేనండి; మీ అమ్మాయి వాయించేదీ ఆ రోజు ఆయన నోట పెట్టి చూపించిందేనండి."