ఇంజను లేని బస్సు

"ఇంజను తీసేస్తే అది బస్సెలా అవుతుందమ్మా? రేకుల డబ్బా అవుతుంది," అన్నాడు రిటైరైన డ్రైవరు, ఎవరో లాక్కుపోతారన్నట్టు బానెట్‌కు అడ్డంగా నిలబడి.

పెద్దపంతులమ్మ నోటుపుస్తకంలోంచి తలెత్తలేదు. మిట్ట మీది పాత మిల్లులో అందరూ కలిసి పెట్టబోతున్న మ్యూజియానికి ఆవిడే పెద్ద. అక్కడ కరెంటు ఉండదు, పొగ ఉండదు, ముట్టుకోవద్దన్న బోర్డు అసలే ఉండదు. లోపల కుమ్మరి సారె ఎవరైనా తిప్పుకోవచ్చు. బయట పిల్లలు ఊగుతుంటే నీళ్ళు తోడే ఉయ్యాల బల్ల, సీతాకోకచిలుకల తోట, దాని పక్కన ఈ బస్సు. తుక్కుకు పోవలసినదాన్ని డ్రైవరే కాళ్ళావేళ్ళా పడి తెచ్చాడు. తీరా అది కార్చిన నూనెకు నాలుగు బంతిమొక్కలు మాడిపోయాయి. దాంతో ఇంజను దించాల్సిందేనని ఆవిడ తేల్చేసింది.

మూడు రోజులు డ్రైవరు ఇంట్లో మూతి ముడుచుకు కూర్చున్నాడు. నాలుగో రోజు అతని భార్యకు ఓపిక నశించింది.

"మీ కడుపులోంచి డాక్టరు పిత్తసంచి తీసేశాడా లేదా? అయినా మిమ్మల్ని మొగుడనే అంటున్నానుగా," అంది.

దాంతో డ్రైవరు ఒప్పుకున్నాడు. ఇంజను దిగింది.

ఆదివారం పొద్దున కమిటీ వాళ్ళంతా బస్సెక్కి చూశారు. డ్రైవరు తన పాత సీట్లో కూర్చుని, స్టీరింగు పట్టుకుని, కళ్ళు తుడుచుకున్నాడు. ఇక్కడ ప్రతి వస్తువూ పట్టుకుని చూడాల్సిందేనని చెబుతూ పెద్దపంతులమ్మ చేతికందిన కడ్డీని గట్టిగా లాగింది. అది హ్యాండ్‌బ్రేకు. ఊడి ఆవిడ చేతిలోకే వచ్చింది.

బస్సు కదిలింది. గేటు దాటింది. వాలురోడ్డు మీద పడి ఊపందుకుంది. కమిటీలో ఉన్న కుమ్మరి కిటికీ ఊచ పట్టుకుని ఇష్టదైవాలందరినీ వరసగా పిలిచాడు. ఇంజను లేకపోవడంతో కాలి బ్రేకు ఎంత తొక్కినా పలకలేదు. పెద్దపంతులమ్మ ఆ కడ్డీని గుండెలకు హత్తుకుని, ఇది మన ప్లానులో లేదని పదేపదే చెప్పింది. డ్రైవరు మాత్రం పళ్ళు బిగించి, మొండికేస్తున్న స్టీరింగును రెండు చేతులా తిప్పుతూ, రెండు మలుపులూ గీత పడకుండా దాటించాడు.

దిగువన రోడ్డు చదునై, ఆపైన కాస్త ఎగువకు తిరిగింది. బస్సు వేగం తగ్గి, నీరసించి, సరిగ్గా బస్టాపు ముందు ఆగింది.

బస్టాపులో సంచులతో నిలబడ్డ ఒకావిడ మెట్టెక్కి, ముందు సీట్లో సర్దుకు కూర్చుని, చేతి గడియారం చూసుకుంది.

"పర్లేదే డ్రైవరన్నా, ఇన్నేళ్ళకు ఇవాళే టైముకొచ్చావు."