సుడికన్ను

"ఒక తెల్లగుడ్డ ఇస్తావా తల్లీ? పొద్దున్నే తిరిగి ఇచ్చేస్తాను."

దీపం వత్తి సరిచేస్తున్న శ్రీశైలమ్మ చెయ్యి ఆగిపోయింది. దీపం పెట్టే వేళ నేతగాళ్ళ ఇంటికొచ్చి తెల్లగుడ్డ అడిగేది శవం మీద కప్పడానికే.

గడప బయట ఒక ముసలామె. నలిగిన చీర, భుజాన సంచి, కాళ్ళకు బురద.

"యాడ నుంచి వచ్చినావు? అడిగే పొద్దేనా ఇది?"

"ఆదోని బస్సు దిగి నడిచొచ్చాను. తొలకరి పడింది కదా, మీ ఇంటి వెనక తుమ్మచెట్లలో గోధుమరంగు చిమ్మటలు లేస్తాయి. ఈ వారం దాటితే మళ్ళీ ఏడాదికే. తెల్లగుడ్డ కట్టి దీపం పెడితే వచ్చి వాలతాయి."

"మగ్గమున్న ఇంటికొచ్చి చిమ్మట పేరెత్తుతావా? నీ నోట్లో మన్ను పడ!"

"ఇది బట్ట కొరికే జాతి కాదమ్మా. తుమ్మాకు తిని పెరిగేది."

మగ్గం గుంతలోంచి మొగుడు ఓబులేసు తల ఎత్తాడు. "ఎవురే? అంచు గీసేటాయన వచ్చినాడా?"

"ఆయన కారులో వస్తాడు. ఇది యాడిదో పిచ్చిది."

వారం నుంచి ఆ ఇంట్లో అదే ఎదురుచూపు. పాత అంచు చీరలు అమ్ముడుపోవడం లేదు. కొత్త అంచు నేస్తే తప్ప ఇక నూలు ఇచ్చేది లేదని నేతగాళ్ళ సంఘం చెప్పేసింది. అది గీసే మనిషి ఈ పూట వాళ్ళింట్లోనే దిగుతారని కబురు వస్తే, శ్రీశైలమ్మ ఓళిగలు చేసి పెట్టింది.

ముసలామె మగ్గం మీది చీర వైపు తొంగిచూసింది. "సుడికన్ను అంచు! ఇంకా నేస్తున్నారా?" అంటూ చెయ్యి చాచింది.

శ్రీశైలమ్మ ఆ చేతి మీద ఫట్టున కొట్టింది. "మా మామ కాలం నాటి అంచు అది. తాకితే ఇరిసేస్తా."

ఆమె ఏదో చెప్పబోయేలోపే తలుపు మూసేసింది.

కాసేపటికి పక్కింటి లావణ్య కేక. "అక్కో! గోడెనక సూడు! సేతబడి!"

రెండు తుమ్మచెట్ల మధ్య ముసలామె కప్పుకునే తెల్ల దుప్పటి. ముందొక దీపం. దుప్పటి నిండా గోధుమరంగు చిమ్మటలు. ముసలామె ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని, రెక్కలు చూస్తూ తనలో తాను ఏదో అనుకుంటోంది.

"మన మగ్గాల మీదికి తోలేదానికేనక్కా!"

పొయ్యి మీద పడుగుకు పెట్టే గంజి కుతకుత ఉడుకుతోంది. శ్రీశైలమ్మ కుండ ఎత్తుకుని పరిగెత్తింది.

ముసలామె మొహానికి కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది. గంజంతా ఆ చేతి మీదే పడింది. కెవ్వున అరిచింది.

"అరువు, ఇంకా గెట్టిగా అరువు!" లావణ్య నవ్వింది.

ఓబులేసు ఆమెను రోడ్డు దాకా ఈడ్చి, సంచిని ఆమె మీదికి విసిరేసి వచ్చాడు. గడపకు పసుపునీళ్ళు చల్లుకున్నారు.

గీసేటాయన రాలేదు. ఓళిగలు చల్లారిపోయాయి.

తెల్లారి శ్రీశైలమ్మ ఆ దుప్పటిని పొయ్యిలో వెయ్యడానికి తెచ్చింది. ఎండిన గంజిలో ఒక చిమ్మట రెక్కలు విప్పి అతుక్కుని ఉంది. రెక్కకొక సుడి. ఎక్కడో చూసినట్టే అనిపించింది.

సంఘం ప్రెసిడెంటు గోవిందన్న వాకిట్లో బండి ఆపాడు. "ఏమ్మా, సరస్వతమ్మ లేచిందా?"

"ఏ సరస్వతమ్మన్నా?"

"అంచు గీసే ఆయమ్మ. కారు పంపిస్తామంటే వద్దనింది, తుమ్మసెట్లు సూసుకుంటా నడిచి పోతాననింది. ఈ తూరి అంచు గూడా మొదట మీ మగ్గానికే ఇస్తానని పట్టుబట్టింది. ఆ తుమ్మసెట్ల చిమ్మట రెక్క సూసి మీ మామకు సుడికన్ను గీసిచ్చిన సెయ్యి గదమ్మా అది!"