వాన దగ్గర ఆగే సినిమా

రోజారాణి ఎప్పుడూ ఆపే చోట కొరియా సినిమా ఆగలేదు.

ఆపడానికి రోజా లేదు. కూతురు పోయిన ఇరవయ్యో రోజు, రోడ్లు ఊడ్చే డ్యూటీ నుంచి టికియాపారా బస్తీలోని గదికి వచ్చిన తవిటమ్మ, దాని ఫోన్లో దాని సినిమానే పెట్టుకుంది.

ఆస్పత్రివాళ్లు తనని ఇంటికి పంపేశాక, రోజా మంచం మీద పడుకునే, తల్లికి ఈ సినిమా చూపించేది.

“ఆళ్ల బాస నాకేటి తెలుస్తాదే?” అంది తవిటమ్మ మొదటిసారి.

“ఇందులో మాటలు తక్కువమ్మా. ఈ సినిమాలకి కొత్తోళ్లు ముందల ఇదే సూడాల. కింద రాసింది నాను సదివి సెప్తాను కదా.”

సినిమాలో ఓ తల్లీ కూతురూ చిన్న హోటల్ నడుపుతారు. వాన పడుతుంటే ఇద్దరూ ఒకే గిన్నెలో నూడుల్స్ తింటూ నవ్వుతారు. అక్కడ రోజా ఫోను ఆపేసి, మన సినిమాల చివర వేసినట్టే “శుభం!” అనేది. ఎన్నిసార్లు చూసినా అక్కడే.

ఇవాళ వాన తర్వాత కూడా బొమ్మ నడిచింది. ఆ పిల్ల ఆస్పత్రి మంచం మీద ఉంది. తర్వాత మంచం ఖాళీగా ఉంది. హోటల్లో ఆ తల్లి ఒక్కతే రెండు గిన్నెల ముందు కూర్చుంది.

చదివి చెప్పేవాళ్లు అక్కర్లేకపోయింది.

తవిటమ్మ ఫోను కొంగుతో తుడిచి, సినిమా మళ్లీ మొదటినుంచి పెట్టింది. వానలో ఇద్దరూ నవ్వుతున్న చోట తనే వేలితో ఆపింది.

“అయిపోనాదమ్మా,” అంది మంచం వైపు తిరిగి. “శుభం.”