తీసేసిన ఏడుపు

“అక్కా, చూసినవా? జనం పడి పడి నవ్విన్రు!”

ధూల్‌పేట్ గణపతి పందిట్ల నాటకం సగమైంది. ఆగయ్య ఆడవేషంతోనే తెర వెనకకు ఉరికొచ్చిండు. ఒంటి మీద అక్క చంద్రమ్మ పాత చీర.

“చూసిన. తల్లి వేషానికని చీర అడిగితివి. కడిగిన చేతులే కడుగుడు, నల్లాతోటి ముచ్చట పెట్టుడు... అన్నీ నాయే గద తమ్మీ?”

ఆగయ్య గాజులు సవరించుకున్నడు.

చంద్రమ్మ పిచ్చి దవాఖాన నుంచి వచ్చినంక వాడకట్టంతా ఆమెను చూసి తలుపులేసుకున్నది. తమ్ముడొక్కడే పక్కన కూసోని, “అప్పుడు నీకెట్లుండె అక్కా?” అని అడిగిండు. అడిగేటోడు ఒకడున్నడని మురిసి, ఆమె కడుపుల ఉన్నదంతా చెప్పుకున్నది.

“అన్నీ మంచిగ యాదుంచుకున్నవ్. చేతులు కడుక్కుంట నేను ఏడుస్తుంటి. అదెట్ల మరిచిపోయినవ్?”

“మరువలేదక్కా.” ఆగయ్య తల దించుకున్నడు. “ఏడిస్తే జనం నవ్వరని తీసేసిన.”

గంట కొట్టిన్రు. “పిచ్చిదాన్ని పంపుర్రి!” అని బయట ఒకటే ఈలలు.

ఆగయ్య కదల్లేదు.

చంద్రమ్మ వాని పైట సరిచేసింది.

“పో తమ్మీ. నిన్నే పిలుస్తున్రు.”