దారికొచ్చిన డిస్కు

స్టెప్నీలో గాలి ఉందో లేదో నొక్కి చూద్దామని కారు డిక్కీలో చెయ్యి పెట్టిన మెకానిక్కుకి, తను ఆడే డిస్కు తనకే దొరికింది.

కారు తోడల్లుడిది, అంటే భార్య చెల్లెలి మొగుడిది. ఆట మధ్యలో తువ్వాలు తడిసిపోయిందని మెకానిక్కు పొడిది తీసుకోవడానికి వచ్చాడు. ఎవరి డిక్కీ తెరిచినా స్టెప్నీని ఒకసారి పలకరించనిదే అతని చెయ్యి ఊరుకోదు. దాని కింద గుంటలో ఒక గుడ్డసంచీ ఉంది. సంచీలో మూడు పసుపు డిస్కులు. పైదాని అంచు కింద, ఎప్పుడో తను సూదిమొనతో గీసుకున్న చిన్న గీత.

మరి తన సంచీలో ఉన్నదేమిటి? తీసి తిప్పి చూశాడు. అదే పసుపు, అవే గీతలు, తను గీసుకున్న గీత తప్ప. దాన్ని వెతికి చూసుకుని ఎన్నాళ్ళయిందో. సొంత బిడ్డ పుట్టుమచ్చని ఎవరూ రోజూ చూసుకోరు కదా.

ఆట చెప్పుకోవడానికి తేలికే. పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కుని విసిరి, దూరాన గొలుసులు వేలాడే ఇనప బుట్టలో వెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాడిదే గెలుపు. కష్టమంతా డిస్కుని పెంచడంలో ఉంది. కొత్తది మొండిఘటం. ఎంత తిన్నగా విసిరినా చివర్లో ఎడమకి వాలుతుంది. చెట్లకీ రాళ్ళకీ తగిలి, మొట్టికాయలు తిని, అంచు అరిగేకొద్దీ దారికొస్తుంది. మరీ అరిగితే కుడికి తిరగబడుతుంది. ఇక దాన్ని మార్చెయ్యాల్సిందే. "అరిగినదాన్ని ఎప్పుడు మార్చాలో తెలిసినవాడే మెకానిక్కు" అని అతను గ్యారేజీలోనూ మైదానంలోనూ ఒకే పాట పాడుతుంటాడు.

ఈ పసుపుదాన్ని దారికి తేవడానికి అతనికి ఏళ్ళు పట్టింది. ఒకసారి కొత్తగా ఆటకొచ్చిన గుమస్తా ముచ్చటపడి దాన్ని విసిరితే, సగం దూరం పోకుండానే ఎడమకి పోయి పొదలో పడింది.

"డిస్కుది తప్పు కాదు బాబూ. విసురులో సత్తువ లేకపోతే ఎంత అరిగిందైనా కొత్తదానిలా మొండికేస్తుంది. ముందు రెండు పూటలా కడుపునిండా తిను" అని మైదానాన్నంతా నవ్వించాడు.

ఆ డిస్కుతోనే ఏటా కప్పు అతనిది. ఏటా రెండోస్థానం తోడల్లుడిది. ఈ ఏడు ఇద్దరూ సరిసమానంగా ఉన్నారు. మిగిలింది ఆఖరి బుట్ట ఒక్కటే.

మెకానిక్కుకి ఒళ్ళు మండిపోయింది. "మీ తోడల్లుడు పొద్దున్నే ఖాళీ స్థలంలో గోడకేసి పసుపు డిస్కులు బాదుతున్నాడు, ఓ కన్నేసి ఉంచు" అని టైర్ల షాపువాడు చెప్పినప్పుడు నవ్వేశాడు. కొత్తవాటిని బాది బాది నకళ్ళు తయారుచేశాడన్నమాట. సంచీలో మిగతా రెండూ అసలుదానికంటే అరిగిపోయినవి, ఒకటైతే మరీనూ. తనకి అంటగట్టిందీ అలాంటిదే. అంత చచ్చుదాన్ని కూడా ఇన్నాళ్ళూ తిన్నగా పంపాడంటే అది తన చేతి గొప్పే. గ్యారేజీలో ఏ నట్టు పట్టుకున్నా తుప్పే, పొడుగు పానా వేస్తే గానీ కదలదు. ఈ డిస్కు ఒక్కటైనా మాట వింటోందని మొన్ననే మురిసిపోయాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది.

గుడ్డసంచీ పట్టుకుని, ఆఖరి బుట్టకి విసరడానికి నిలబడే గట్టు దగ్గరికి వెళ్ళాడు. తోడల్లుడు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. సంచీ చూడగానే అతని వేళ్ళు ఆగిపోయాయి.

"ఏంటయ్యా ఇది?"

"ఆట అయ్యాక చెబుతాను అన్నయ్యా."

"కళ్ళద్దాల షాపు పెట్టి ఊరందరికీ చూపు అమ్ముతావు. నాకు మాత్రం గంతలు కట్టావా?"

"చాలాసార్లు చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. వదినకి కూడా తెలుసు."

మెకానిక్కు గుడ్డసంచీలోంచి గీత ఉన్న డిస్కుని బయటికి లాగాడు. బయటివాడి పోటు ఎలాగో తట్టుకోవచ్చు. పొద్దున సంచీ సర్ది చేతికిచ్చి పంపిన పెళ్ళాం కూడానా.

"కప్పు కావాలని అడిగితే ఇచ్చేవాణ్ణి కదరా" అన్నాడు.

"కప్పు కోసం కాదు."

"మరి దేనికోసం?"

తోడల్లుడు మళ్ళీ లేసు ముడి మీదికి వంగాడు.

ఆఖరి బుట్టకి దారి ఇరుకు. కుడిపక్క చెట్లు, ఎడమపక్క పొడుగునా నీటిగుంట. తిన్నగా పోయే డిస్కు ఉన్నవాడే అక్కడ మొనగాడు. మెకానిక్కు గీత ఉన్న డిస్కుని పొడి తువ్వాలుతో తుడిచి గట్టెక్కాడు.

"అన్నయ్యా, దాంతో వెయ్యకు. నీ సంచీలో ఉన్నదాంతోనే వెయ్యి. ఈ ఒక్కసారికి నా మాట విను."

"నా సొత్తు నా చేతికొచ్చేసరికి భయం పట్టుకుందా? ఈ విసురుతో నీకూ నాకూ చెల్లు. రేపటినుంచి నా గడప తొక్కకు."

తోడల్లుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. మెకానిక్కు ఎప్పటిలాగే మూడడుగులు వేసి, నడుం తిప్పి, ఒంట్లో ఉన్న సత్తువంతా పెట్టి విసిరాడు.

గీత ఉన్న ఆ అసలు డిస్కు, ఆనాడు గుమస్తా విసిరినప్పటిలాగే, సగం దూరమైనా పోకుండా ఎడమకి ఒరిగి నీళ్ళలో పడింది.