లాడం మేకులు

మూడో బ్లేడు కూడా తెగింది.

కీచుమని చప్పుడైంది, నిప్పురవ్వలు లేచాయి, తెగిన బ్లేడు ఎగిరి రంపపు పొట్టులో పడింది. కోత మిషను నడిపే ఎసెన్ ఇంజను ఆపేశాడు. దుంగ మీదికి వంగి, ఉలితో తొలిచి, తుప్పు పట్టిన మేకు ఒకటి బయటికి లాగాడు.

"మళ్ళీ లాడం మేకే! చెట్లు పెంచారా తమ్ముడూ, గుర్రాలు పెంచారా?"

కుబాత్‌కి నవ్వు రాలేదు. టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఇవాళ బుధవారం. శుక్రవారం పొద్దున్నే ఊరంతా వచ్చి అతని కొత్తింటికి కప్పు వేసి పెడుతుంది. వాళ్ళ భోజనానికి గొర్రెను కూడా తెచ్చి కట్టేశాడు. పై వారం పెళ్ళి. గోడలు లేచాయి గానీ దూలం ఒక్కటి లేదు. ఎసెన్ దగ్గర మిగిలింది ఒకే ఒక్క బ్లేడు. అదీ పోతే మిషను బండికి తగిలించుకుని వెళ్ళిపోతాడు. కొండ దారిలో మంచు పడ్డాక మళ్ళీ ఎండాకాలం దాకా రాడు.

ఆ చెట్లు కుబాత్‌వే. అతను పుట్టిన వారంలోనే తండ్రి కాలవ గట్టున ముప్ఫై పోప్లర్ మొక్కలు నాటాడు. ఆ ఊళ్ళో మగపిల్లాడు పుడితే ఎవరైనా చేసే పనే అది. పిల్లాడు పెళ్ళీడుకి వచ్చేసరికి చెట్లు దూలాలకి వస్తాయి. చిన్నకొడుకు తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటాడు. పెద్దవాడు తన చెట్లు కొట్టుకుని, తన ఇల్లు కట్టుకుని వేరు పడతాడు.

ఇరవై మూడేళ్ళు పెరిగిన చెట్లు. తీరా మిషనెక్కిస్తే కడుపులో మేకులు.

"ఎప్పుడు కొట్టి ఉంటారన్నా ఇవి?"

ఎసెన్ దుంగ చివరి వలయాలు వేలితో లెక్కపెట్టాడు. "మేకు మీద పదహారేళ్ళ కలప పెరిగింది. అప్పటికి నీ చెట్టు నీ చెయ్యంత కూడా లేదు."

"కొట్టినవాడి చెయ్యి పడిపోను! వేళ్ళు పుచ్చిపోను!"

అవతల పొయ్యికి పుల్లలు ఏరుకుంటున్న తల్లి బూరుల్ చటుక్కున తలెత్తింది.

"ఏమన్నా తిట్టుకో. చేతుల్ని మాత్రం తిట్టకు."

"నా ఇల్లు ఆగిపోతుంటే వాడి మీద జాలేమిటమ్మా నీకు?"

"దుంగ మొదలు వైపు మీటరు ముక్క తీసేసి కొయ్యమని పొద్దున్నే చెప్పానా లేదా?"

చెప్పింది. కుబాత్ వినలేదు. ఆవిడ యావంతా పొయ్యి మీదే అనుకున్నాడు. అయినా ఆ మీటరు ఎలా వదులుకుంటాడు? దూలం ఆరు మీటర్లు. అయిదు గదికి, ఒకటి వరండాకి. వరండా కావాలని పెళ్ళికూతురు నోరు తెరిచి అడిగింది.

బూరుల్ మిషను దగ్గరికి వచ్చింది. ఎసెన్ పారేసిన మేకు తీసి గౌను జేబులో వేసుకుంది. అంతకుముందు రెండూ అందులోనే ఉన్నాయి.

లాడం మేకులనగానే కుబాత్‌కి ఒకటే పేరు తోచింది. కాలవ అవతలి జపార్. గుర్రాలకి లాడాలు కొట్టడం ఆయన పని. నీటి వంతు దగ్గర రెండిళ్ళకీ ఎప్పట్నుంచో పడదు. కుబాత్ ఒక్క గెంతులో కాలవ దాటాడు.

"జపార్ మామా! నీళ్ళ దగ్గర తగువుంటే నీళ్ళ దగ్గర తేల్చుకోవాలి. లేత చెట్లకి మేకులు కొడతావా?"

జపార్ ఒళ్ళో గుర్రం కాలుంది. ఆయన దాన్ని వదల్లేదు.

"ఒరేయ్, మీ నాన్న మీద కోపమొస్తే మీ నాన్ననే తంతాను. మధ్యలో నా మేకులెందుకు దండగ?"

"ఈ ఊళ్ళో లాడం మేకులు ఇంకెవరి దగ్గరున్నాయి మరి?"

"నన్నడుగుతావేం? నిండు డబ్బా ఒకటి నా కొట్టంలోంచే పోయింది, సుత్తితో సహా. నువ్వప్పటికి నా మోకాలంత ఉన్నావు. సుత్తి మర్నాడు మీ అమ్మే తెచ్చిచ్చింది, కాలవలో దొరికిందని. వెళ్ళి ఆవిణ్ణి అడుగు!"

కుబాత్ తిరిగి వచ్చేటప్పుడు కాలవ గెంతలేదు. నీళ్ళలోంచే నడిచి వచ్చాడు. తల్లి మోపు కడుతోంది.

"ఎవరు కొట్టారో నీకు తెలుసు," అన్నాడు.

"తెలుసు."

"నువ్వేనా? నేను వేరు పడటం నీకిష్టం లేకనా?"

"ముందు పని కానీ. పొద్దు వాలుతోంది."

కుబాత్ పళ్ళు కొరుకుతూ గొడ్డలి అందుకున్నాడు. ముప్ఫై దుంగలకీ మొదటి మీటరు నరికి పారేశాడు. ఒక్కో ముక్కా తెగిపడుతుంటే వరండా పోయినట్టే కళ్ళకి కట్టింది. ఎసెన్ ఆఖరి బ్లేడు బిగించాడు. ఇక మిషను ఎక్కడా ఆగలేదు. ఒక్క మేకు తగల్లేదు. పొద్దు కొండ దిగేలోపు దూలాలన్నీ వరసగా పేర్చి ఉన్నాయి.

నరికిన మొదళ్ళన్నీ బూరుల్ తన పొయ్యి పక్కకి దొర్లించుకుంది. కుబాత్ ఆ దొంతరని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"నా వరండా నీ పొయ్యిలోకి పోయింది. సంతోషమేనా? ఇప్పుడన్నా నిజం చెప్పు!"

బూరుల్ జేబులోంచి మూడు మేకులూ తీసి కొడుకు అరచేతిలో పెట్టింది.

"'మేకులున్న చెట్టుని రంపం కొయ్యలేదటమ్మా, ఇంక నన్నెవరూ వేరే ఇంటికి పంపలేరు' అంటూ సుత్తి పట్టుకునే నా ఒళ్ళో నిద్రపోయావురా, నీ ఏడో ఏట."