రాతి తోరణం కిందికి

రైతు సంఘం పెద్ద చేత ఒప్పుదల ముద్ర వేయించాలి. సైరన్ మోగించాలి. ఏట్లో గాలాలు వేసేవాళ్లను గట్టెక్కించాలి. మైకు బిగించిన ఆఫీసు కారులో ఏటి వెంట తిరిగి కింది ఊళ్లను హెచ్చరించాలి. తుఫాను తాకకముందే గేటెత్తి జలాశయాన్ని సగానికి దించాలి.

గేటూ, ముద్రా తప్ప అన్నీ అయ్యాయి. సంఘం పెద్ద గోందో ముద్రకు బదులు పార పట్టుకొచ్చాడు. ఒక్క దెబ్బకు గేట్ల గది తలుపు అద్దం పగిలింది. వెనకే రైతులు.

"కంకి పాలు పోసుకునే వేళ నీళ్లు ఏటిపాలు చేస్తావట్రా?" అని అరిచాడు గోందో.

జలాశయంలో చోటు లేకపోతే వచ్చే వానంతా కింది ఊరి మీదే పడుతుందని చెప్పాడు గేటు ఉద్యోగి కుజే. తుఫాను పక్కకు తిరిగిపోతే మా చేలకు నువ్వు ఉచ్చ పోస్తావా అని ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

గోందో బేరానికి దిగాడు. మునిగిపోయిన పాత ఊరి గుడి రాతి తోరణం తల కనిపించేదాకా నీళ్లు వదలమన్నాడు. అక్కడ ఆపితే ముద్ర వేస్తానన్నాడు. దేవుడి గుమ్మం మొదలంటా బయటపెడితే అరిష్టమట. ముసలివాళ్లు తలలూపారు. ఐదేళ్లుగా ఆయన మాట మీదే నీళ్లు అక్కడ ఆగుతున్నాయి.

"చాలదు గోందో గారూ. తోరణం మొదలు తేలాల్సిందే," అని కుజే మీట వైపు తిరిగాడు.

పార వీపున పడింది. కుజే బోర్లా పడ్డాడు.

"నీకు ముందున్న ఇనాబాకీ ఇదే పొగరు. తీరా గాలి మొదలవగానే ఆఫీసు కారేసుకుని పారిపోయాడు, పిరికి వెధవ. నువ్వూ పో."

ఆ పేరు వింటేనే కుజేకి ఒళ్లు మంట. ఐదేళ్ల కిందటి తుఫానులో ఇనాబా గేటెత్తకుండా పోబట్టే కింది ఊళ్లో కుజే తల్లి వరదలో కొట్టుకుపోయింది.

"నేను ఇనాబాను కాను," అన్నాడు నెత్తురు ఉమ్మి.

లేచి మీట మీద చెయ్యి వేశాడు. గోందో పార తిరగేసి ఆ చేతి మీదే కొట్టాడు. వేళ్లు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. తర్వాతి దెబ్బ నెత్తిన. ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడ. రైతులకే భయం వేసి గోందో నడుం పట్టుకుని లాగారు.

"పెద్దాయనా, చచ్చిపోతాడు. నీళ్లే కదా."

ఆ సందులో కుజే మోచేత్తో మీట నొక్కాడు. కాళ్ల కింద నేల అదిరింది. గేటు లేచింది.

మర్నాడు చినుకు పడకముందే నీళ్లు తోరణం మొదలంటా దిగిపోయాయి. దేవుడికి తప్పు చెల్లించుకుందామని రైతులు సాకే సారా సీసాలతో కట్ట మీదికొచ్చారు. చేతికి కట్టుతో, తలకు కట్టుతో కుజే వచ్చాడు. గోందో రాలేదు.

సీసా మూత తీయబోయిన ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

ఆ తుఫానుకు కింది ఊళ్లో ఒక్క గడప తడవలేదు. అక్కడ అందరూ కుజే పేరే చెప్పుకుంటారు. మీరు మాత్రం ఇంకొకణ్ని గుర్తుపెట్టుకోండి: తోరణం కాళ్ల మధ్య బురదలో, నెత్తిన మైకున్న ఆఫీసు కారులో, స్టీరింగు చక్రానికి ఇనప తీగతో కట్టేసి ఉన్న ఇనాబాను.